శ్రీశైలం ఘాట్‌లో వేడెక్కుతున్న కారు: హెడ్ దింపే ముందు చూడాల్సినవి

సార్, ఇదే ఇబ్బంది ఉన్న మరొకరికీ పనికొస్తుందని మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీది దేవరకొండ. 2014 నాటి డీజిల్ కారు. ఒక్కరే మాల్ మీదుగా హైదరాబాద్ వెళ్లొస్తే ఏ గొడవా లేదు. ఇంటిల్లిపాదీ ఏసీ వేసుకుని డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్తే మాత్రం, తిరుగు ప్రయాణంలో డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంట ఎక్కేలోపే ఇంజన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలుగుతోంది. వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్‌ను మెకానిక్ తీసేశారు. ఫ్యాన్‌ను నేరుగా ఇగ్నిషన్ వైరుకు కలిపేశారు. రేడియేటర్ నీళ్లలో కలిపే కూలంట్ ద్రవం ఖర్చు దండగని ఉత్త బోరు నీళ్లు పోశారు. అయినా తగ్గలేదు. పైగా ఇప్పుడు వారానికి దాదాపు లీటరు నీళ్లు మాయమవుతున్నాయి. చివరికి హెడ్, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే ఇంజన్ పై భాగం, దింపాలంటున్నారు. దింపించాలా, కారు అమ్మేయాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ ఇప్పుడే వద్దు. ముందు తీసేసినవన్నీ తిరిగి పెట్టించండి. కారు కంపెనీ తయారు చేసిన స్థితికి వచ్చాక అప్పుడు కూడా వేడెక్కితే, ఆ వేడికి కారణం వెతకడం సులువు. ఇప్పుడున్న స్థితిలో మీ కారులో అసలు జబ్బు ఏదో, మందు వల్ల వచ్చిన జబ్బు ఏదో ఎవరూ చెప్పలేరు.

నల్గొండలో ఇంజన్లు, రేడియేటర్ల పనిలోనే జుట్టు నెరిసినవాణ్ని. మన జిల్లాల షెడ్లలో ఒక పాత అలవాటు ఉంది. బండి వేడెక్కిందంటే ఏదో ఒకటి పీకేస్తారు. థర్మోస్టాట్ అడ్డమని పీకేస్తారు, ఫ్యాన్‌కు కరెంటు స్విచ్చిలా పనిచేసే రిలే నమ్మకం లేదని పక్కన పెడతారు, రేడియేటర్ విప్పడానికి ఇబ్బందిగా ఉందని ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును బిగించకుండా వదిలేస్తారు. పాత అంబాసిడర్లు, జీపులు, లారీల కాలంలో ఈ పద్ధతి కొంత నడిచింది. ఆ ఇంజన్లు మొరటువి, ఇనుప హెడ్లు, ఇత్తడి రేడియేటర్లు. మీ కారు ఇంజన్‌కు అల్యూమినియం హెడ్ ఉంటుంది. వేడి లెక్క చూసేది కంప్యూటర్. ఆ బండ్ల వైద్యం దీనికి పడదు.

థర్మోస్టాట్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ బండి ఇప్పటికీ ఘాట్‌లో వేడెక్కడానికి అది తీసేయడమే సగం కారణం కావచ్చు. చాలామంది అది కేవలం దారిలో ఉన్న తలుపు అనుకుంటారు, తీసేస్తే నీళ్లు ధారాళంగా పారతాయనుకుంటారు. చాలా ఇంజన్లలో దానికి రెండు బిళ్లలు ఉంటాయి. ఇంజన్ వేడెక్కేకొద్దీ పై బిళ్ల రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే కదలికతో కింది బిళ్ల బైపాస్ దారి మూస్తుంది. బైపాస్ అంటే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరిగే అడ్డదారి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు త్వరగా వేడెక్కడానికి అది కావాలి. థర్మోస్టాట్ మొత్తం తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. చదును రోడ్డు మీద తక్కువ బరువుతో ఆ లోటు తెలియదు, ఇంజన్ చల్లగానే ఉంటుంది. ఐదుగురు, ఏసీ, రెండో గేరులో ఎత్తు. అప్పుడు రేడియేటర్‌కు పోయే ప్రతి చుక్కా అవసరం, అక్కడే అది చాలదు. ‘హైదరాబాద్‌కు బాగుంది, ఘాట్‌లో వేడెక్కుతోంది’ అని మీరు రాయగానే నాకు ముందు తట్టింది ఇదే.

చల్లగా నడవడం కూడా లాభం కాదు. ఇంజన్ ఇంకా వేడెక్కలేదని కంప్యూటర్ అదనంగా ఇంధనం పంపుతుంది. మైలేజీ పడిపోతుంది, మసి పేరుకుంటుంది, ఇంధనం కొద్దికొద్దిగా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే ‘పి0128’ అనే కోడ్ వస్తే దాని అర్థం ఇదే: కూలంట్ చేరాల్సిన వేడికి చేరడం లేదు.

కొత్త థర్మోస్టాట్‌కు పెద్ద ధరేమీ ఉండదు. కొన్నాక బిగించే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. దాని అంచు మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది, అది తెరుచుకోవడం మొదలయ్యే డిగ్రీలు. ఒక దారం తీసుకుని దాని కొసను బిళ్లకూ అంచుకూ మధ్య ఇరికించి, ఆ దారంతోనే థర్మోస్టాట్‌ను నీళ్ల గిన్నెలో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. పక్కనే థర్మామీటరు పెట్టి స్టవ్ వెలిగించండి. బిళ్ల కాస్త తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ గిన్నెలో పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటరు ఎంత చూపిందో చూడండి. అంకెకు రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అయితే మంచిదే. ఇంకా వేడి చేస్తే 95 దగ్గరకు వచ్చేసరికి బిళ్ల ఎనిమిది మిల్లీమీటర్ల దాకా లేవాలి. గిన్నె మాత్రం మళ్లీ వంటకు వాడకండి. కొత్తది కూడా చెడిపోయి రావచ్చు, చవక నకిలీ సామాన్లు మన దుకాణాల్లోకి బాగానే వస్తున్నాయి.

ఇక ఫ్యాన్. మన ఎండాకాలపు రోడ్డు మీద యాభై, అరవై వేగం దాటితే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ పని తక్కువ. ఘాట్‌లో ఇరవై, ముప్పై వేగంతో ఎక్కేటప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే. దాన్ని నేరుగా ఇగ్నిషన్‌కు కలిపితే ఎప్పుడూ తిరుగుతుంది కాబట్టి మంచిదేగా అనిపిస్తుంది. కానీ ఆ ఫ్యాన్ లాగే కరెంటుకు సన్నపాటి ఇగ్నిషన్ వైరు చాలదు, వైరులోనే వోల్టేజీ పడిపోయి ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది. కంటికి తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం చాలదు. వైరు వేడెక్కి కాలిపోయే ప్రమాదం సరేసరి. రోజంతా తిరిగి మోటారులో బ్రష్షులు కూడా త్వరగా అరుగుతాయి.

ఒక చిన్న పరీక్ష చేయండి. బండి నిలిపి, ఇంజన్ నడుస్తుండగా, ముందు గ్రిల్ ఎదుట ఒక వార్తాపత్రిక కాగితం పట్టుకోండి. ఫ్యాన్ దాన్ని లోపలికి లాక్కుని గ్రిల్‌కు అంటించుకోవాలి. కాగితం బయటికి ఎగిరిందంటే వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కు తిరుగుతోందన్నమాట, ఎదురుగాలితో పోట్లాడుతోంది. నేరుగా వైరు కలిపిన బండ్లలో ఇది నేను చాలాసార్లే చూశాను. కాగితం అంటుకోకుండా ఊరికే వణికితే గాలి బలహీనం. ఆ తర్వాత ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూడండి. తొడుగు లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది, రేడియేటర్ మూలల నుంచి గాలి రానే రాదు. ఒరిజినల్ వైరింగ్, రిలే, ఫ్యూజు తిరిగి పెట్టించాక ఏసీ వేసి చూడండి. ఏసీ వేయగానో, కాసేపటికో ఫ్యాన్ తిరగాలి. ఏసీ ఆపేసి ఇంజన్‌ను అలాగే వదిలితే 95, 100 డిగ్రీల మధ్య ఎక్కడో ఫ్యాన్ తనంతట తాను తిరిగి, చల్లబడ్డాక ఆగాలి. కారు కంప్యూటర్ లెక్కలను ఫోన్‌లో చూపే చిన్న ఓబీడీ పరికరం ఒకటి కొనుక్కుంటే ఆ డిగ్రీలు మీ కళ్లకే కనిపిస్తాయి. మీ డ్యాష్‌బోర్డు మీద ముల్లు లేదు, లైటు మాత్రమే ఉందన్నారు. ఆ లైటు వెలిగేసరికే ఆలస్యం అయిపోతుంది. ముల్లున్న బండ్లలోనూ చాలావాటిలో అది 80 నుంచి 105 దాకా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది, డ్రైవరు కంగారు పడకూడదని.

రేడియేటర్ ముందు భాగం ఎవరైనా ఎప్పుడైనా విప్పి చూశారా? ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, దాని వెనక రేడియేటర్. రెంటి మధ్యా వేలు పట్టేంత సందు. గ్రిల్‌లోంచి టార్చి వేసి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు చెత్తంతా ఆ సందులో ఉంటుంది. మన వైపు వానాకాలం పంట కోతలప్పుడు హార్వెస్టర్ల వెనక వెళ్లే వడ్ల పొట్టు, పత్తి లారీల నుంచి రాలే దూది, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ఎగిరే ఊక, వాటి మీద ఎర్రమట్టి దుమ్ము, ఏ కొద్దిగా ఆయిల్ చెమర్చినా దాని జిడ్డు. విప్పి కండెన్సర్‌ను ముందుకు వంచితే రేడియేటర్ ముఖమంతా బూడిదరంగు దూది పరుపు పరిచినట్టు పొర పొరగా లేస్తుంది. చేత్తో పట్టి లాగితే ఒక్క ముక్కగా ఊడి వస్తుంది, కింద అల్యూమినియం రెక్కలు కొత్తవాటిలా మెరుస్తాయి. అలాంటి బండికి హెడ్ దింపినా, ఇంజన్ మార్చినా లాభం లేదు. శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకు, అంటే చెత్త వచ్చిన దారికి ఎదురుగా, మామూలు పైపు నీళ్లతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్ దుకాణంలో గన్ను దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

నీళ్ల సంగతికి వస్తాను. మన జిల్లా బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు మనుషుల ఎముకలను వంచేసిన నీళ్లవి. రేడియేటర్‌కు మాత్రం ఫ్లోరైడ్ కన్నా అందులోని సున్నం పెద్ద శత్రువు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి నీళ్లు వేడెక్కగానే ఆ ఖనిజాలు తెల్లగా పేరుకుంటాయి, సరిగ్గా అత్యంత వేడిగా ఉండే చోటే, అంటే సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపల. ఆ పొర వేడిని బయటకు రానివ్వదు. రాలిన పెచ్చులు వెళ్లి రేడియేటర్ సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటాయి. నీళ్లలోని క్లోరైడ్ అల్యూమినియంను సూది పొడిచినట్టు చిల్లులు పెడుతుంది.

‘మేం తాగే నీళ్లే పోశాం’ అంటారు చాలామంది. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన గట్టితనం పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేని చోట 600 దాకా అనుమతి. మనిషికి అది సరిపోవచ్చు. మరగబెట్టి, చల్లార్చి, మళ్లీ మరగబెట్టే ఇంజన్‌కు సరిపోదు. పైగా తగ్గినప్పుడల్లా లీటరు కొత్త నీళ్లు పోస్తున్నారంటే ప్రతి వారం కొత్త సున్నం లోపలికి పంపుతున్నారన్నమాట. మిషన్ భగీరథ నీళ్లు బోరు కన్నా చాలా మెరుగే, అయినా అవీ ఖనిజాలున్న నదీజలాలే. వాడాల్సింది డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలో పోసేది. బ్యాటరీ దుకాణాల్లో, చాలా పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు అది నీళ్లేనా, యాసిడ్ కాదు కదా అని డబ్బా మీద చదవండి. దారిలో ఇరుక్కుని వేరే గతి లేనప్పుడు ఏ నీళ్లయినా పోయండి, ఇంజన్ కాలిపోవడం కన్నా నయం. ఇంటికి చేరాక మార్పించేయండి.

కూలంట్ గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. ఉత్త నీళ్లు కూలంట్ కలిపిన నీళ్ల కన్నా వేడిని బాగా మోస్తాయి. మీ మెకానిక్ నీళ్లు పోస్తే చల్లగా ఉంటుందన్నది ఆ మేరకు నిజమే. కానీ తుప్పును, అల్యూమినియం కరగడాన్ని ఆపే రసాయనాలు కూలంట్‌లోనే ఉన్నాయి, మరిగే స్థానాన్ని పెంచేదీ అదే. అలాగని ఎక్కువ పోస్తే మరీ మంచిదని చిక్కగా పోయకండి, సగం దాటేకొద్దీ వేడి మోసే శక్తి తగ్గుతుంది. మనకు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కొన్ని కంపెనీలు 30 శాతం కూలంట్, 70 శాతం నీళ్లు చాలంటాయి, కొన్ని సగం సగం అంటాయి. మీ బండి పుస్తకంలో ఏముంటే అదే. రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి కంపెనీ వేసుకున్న రంగులే, లోపలి రసాయనం ఏ రకమో వాటితో తెలియదు. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా మారి గొట్టాలు పట్టేస్తాయి. పాత రకాన్ని రెండేళ్లకోసారి, దీర్ఘకాలపు రకాన్ని సుమారు ఐదేళ్లకు మార్చాలి.

మూత సంగతి చాలామంది మరిచిపోతారు. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ విజిల్ చేసే పనే చేస్తుంది, ఒత్తిడి పట్టి ఉంచి మరిగే స్థానం పెంచుతుంది. దాని మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అవి బార్‌లు. 0.9 మూత గట్టిగా పట్టితే ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయి ఒత్తిడి వదిలేస్తే 100 దగ్గరే కుతకుతలాడతాయి, ఇంజన్‌లో తప్పేమీ లేకపోయినా. మూతలో రెండో వాల్వు కూడా ఉంటుంది, చల్లబడ్డాక పక్క ట్యాంకు నుంచి నీళ్లు వెనక్కు లాక్కోవడానికి. తెల్లవారుజామున బానెట్ తీసి చూసినప్పుడు పై రబ్బరు పైపు రెండు వైపులా అణిగి చప్పగా కనిపిస్తే ఆ రెండో వాల్వు పట్టేసిందని లెక్క. కొత్త మూత కొన్ని వందలే. అదే అంకె ఉన్నది వేయించండి. ఎక్కువ అంకె వేస్తే మంచిదని వేయిస్తే పదేళ్ల నాటి ప్లాస్టిక్ ట్యాంకు పగులుతుంది.

ఇప్పుడు అసలు గుట్టు: వారానికి లీటరు ఎక్కడికి పోతోంది? హెడ్ మీద నింద వేసే ముందు ఇది తేలాలి. నీళ్లు పోవడానికి ముఖ్యంగా మూడు దారులు. బయట నేల మీదికి, కారు లోపలికి, లేదా సిలిండర్‌లోకి.

బయటి లీకు కింద మడుగు కట్టాలని లేదు. వేడి ఇంజన్ మీద పడ్డ చుక్క పడ్డచోటే ఆవిరై, ఆరిన గుర్తు మాత్రం మిగులుతుంది. బోరు నీళ్లయితే తెల్లని చార, కూలంట్ అయితే దాని రంగు పొడి. టార్చి పట్టుకుని రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కలిసే మడత వెంట, పైపుల క్లిప్పుల దగ్గర, హీటర్ పైపుల చివర్లలో వెతకండి. వాటర్ పంపు, అదే షెడ్లలో వాటర్ బాడీ అనేది, దాని కింది భాగంలో చిన్న చిల్లు ఉంటుంది. లోపలి సీలు పోతే నీళ్లు బయటపడి తెలియడానికే ఆ చిల్లు పెట్టారు. అక్కడ చార కనిపిస్తే పంపు మార్చాల్సిందే. కొందరు ఆ చిల్లును ఎం-సీల్‌తో మూసేస్తారు, నీళ్లు అప్పుడు బేరింగ్‌లోకి వెళ్లి పంపు ఏ ఘాట్ మధ్యలోనో బిగుసుకుంటుంది. ఊళ్లో ఇంటి ముందు, పొలం గట్టున బండి నిలిపేవారికి ఇంకో మాట. ఎలుకలు రబ్బరు పైపులు కొరుకుతాయి, అదీ పైకి కనిపించని కింది వైపు. కారు లోపలి దారి అంటే హీటర్ కోర్, వేడి నీళ్లతో కారు లోపలికి వెచ్చని గాలి ఇచ్చే చిన్న జాలీ. ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడిగా ఉన్నా, ఏసీ వేస్తే అద్దం మీద జిడ్డు పొగమంచు పట్టి తియ్యని వాసన వచ్చినా అదే.

చూపుకు దొరక్కపోతే ప్రెషర్ టెస్టు. మూత స్థానంలో గేజీ ఉన్న చేతి పంపు బిగించి, చల్లని ఇంజన్‌లో మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి పావుగంట వదలాలి. ముల్లు కదలకపోతే బయటి లీకు లేనట్టే. ముల్లు పడిపోతూ ఉంటే ఎక్కడో లీకు ఉంది, బయట వెతికినా దొరక్కపోతే లోపలికి పోతోందని అనుమానించాలి. ఈ పరికరం లేని షెడ్డు హెడ్ దింపమని చెబితే వేరే షెడ్డుకు వెళ్లండి. లీకు ఆపడానికి పసుపు, సబ్బు ముక్క, స్టాప్ లీక్ పొడి ఏదీ పోయనివ్వకండి. చిల్లు ఏదో, సన్నని దారి ఏదో వాటికి తేడా తెలియదు, ముందు హీటర్ కోర్‌ను, తర్వాత రేడియేటర్ గొట్టాలను మూసేస్తాయి.

సిలిండర్‌లోకి పోతోందా అన్నది తెలుసుకోవడానికి హెడ్ విప్పక్కర్లేదు. ఉదయం పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, నీళ్లు అంచు దాకా నింపి స్టార్ట్ చేయండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు రావడం మామూలే. ఎక్సలరేటర్ నొక్కేకొద్దీ ఆగకుండా వరసగా బుడగలు పొంగుతూ ఉంటే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోంది. మూత పెట్టి స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోపే, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే, పై పైపు రాయిలా బిగిస్తే అదీ అదే సూచన. గ్యాసు పరీక్షకు నీలి ద్రవం వాడే సీసా పరికరం కూడా ఉంది. రేడియేటర్ నోటి దగ్గర పెట్టి గాలి లాగితే, అందులో ఇంజన్ గ్యాసు ఉన్నప్పుడు ద్రవం రంగు మారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా మారితే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయన్నమాట, అదీ గట్టి సూచనే. ఆయిల్ మూత లోపల మాత్రం చలికాలంలో, దగ్గరి దూరాలు తిరిగే బండ్లకు కొద్దిగా తెల్లని నురగ పట్టడం సహజం, దాన్ని చూసి బెంబేలు పడకండి.

ఈ పరీక్షల్లో గ్యాసు తేలితే అప్పుడు హెడ్ దింపాలి, అందులో సందేహం లేదు. అయితే పని ఎలా చేస్తున్నారో దగ్గరుండి చూడండి. హెడ్ ముఖం మీద స్టీలు బద్ద పెట్టి కింద సన్నని రేకుల కొలబద్ద, అదే ఫీలర్ గేజీ, దూర్చి వంపు కొలవాలి. చాలా చిన్న ఇంజన్లకు 0.05 మిల్లీమీటర్ దాటితే ఫేసింగ్, అంటే ముఖాన్ని చదునుగా చెక్కించడం, చేయించాలి. ఎంత చెక్కాలో పుస్తకంలో ఉన్న హద్దు దాటితే హెడ్ పనికిరాదు. లేత్ షాపులో ఫేసింగ్‌తో పాటు హెడ్‌కు ప్రెషర్ పెట్టి పగుళ్లు కూడా చూడమనండి. పగిలిన హెడ్ కింద దానికీ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ పొరను కొత్తది వేసి బిగించిన బండ్లు నెలకే తిరిగొస్తాయి. డీజిల్ ఇంజన్లలో చాలావాటికి గ్యాస్కెట్ వేర్వేరు మందాల్లో వస్తుంది, అంచు మీద చిన్న గాట్లతో గుర్తు పెట్టి ఉంటారు. పిస్టన్ ఎంత పైకి వస్తుందో కొలిచి మందం ఎంచుకోవాలి, ‘ఏదో ఒకటి’ కుదరదు. సాగేరకం హెడ్ బోల్టులు మళ్లీ వాడకూడదు, కొత్తవి వేయాలి. ఎంత బిగువు పడుతోందో కొలిచే టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పిన వరుసలో బిగించాలి. పాత సున్నం రేడియేటర్‌నే తిరిగి బిగిస్తే ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఫ్లషింగ్ ఎలాగూ చేయించాలి, బోరు నీళ్లు ఉన్నాయి కాబట్టి. యాసిడ్ వద్దు. పాత నీళ్లు తీసేసి డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ పూర్తి వేడి వైపు పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నడిపి, చల్లార్చి, మళ్లీ తీసేయాలి. బయటికొచ్చే నీళ్లు తేటగా వచ్చే దాకా అలా. చివర్లో ఒక లెక్క ఉంది. కింద రబ్బరు పైపు విప్పినా ఇంజన్ బ్లాకులో కొంత నీళ్లు మిగిలిపోతాయి. వ్యవస్థ మొత్తం ఆరు లీటర్లు, మీకు సగం పాలు కూలంట్ కావాలనుకోండి. ముందు మూడు లీటర్ల గాఢ కూలంట్ పోసి, ఆ తర్వాతే నీళ్లతో నింపాలి. ముందే సగం సగం కలిపిన డబ్బా పోస్తే లోపల మిగిలిన నీళ్లు చేరి పలచబడుతుంది. పాత కూలంట్‌ను మోరీలో, గట్టు మీద పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు తాగుతాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కిడ్నీలను చంపే విషం.

నింపేటప్పుడు గాలి లోపల ఉండిపోవడం ఇంకో తలనొప్పి. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద నిలిపి, హీటర్ వేడి వైపు తిప్పి, నెమ్మదిగా పోస్తూ పై పైపును చేత్తో పిసుకుతూ ఉండాలి. గాలి వదిలే స్క్రూ ఉంటే తెరవాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాకా నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడాలి. లోపల గాలి గడ్డ ఉంటే సెన్సర్ చుట్టూ నీళ్లుండవు, అది తప్పు లెక్క చెబుతుంది. నీళ్లన్నీ పోయిన ఇంజన్‌లో లైటు ఆలస్యంగా వెలగడానికీ, ఒక్కోసారి వెలగకపోవడానికీ కారణం ఇదే.

ఇవన్నీ అయ్యాకే మళ్లీ ఘాట్‌కు వెళ్లండి. ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఈడ్చకండి, ఒక గేరు తగ్గించి ఇంజన్‌ను తేలిగ్గా తిరగనివ్వండి. పంపు వేగంగా తిరిగితే నీళ్లు వేగంగా పారతాయి. ఓబీడీలో 105 దాటుతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్‌ను పూర్తి వేడి, పూర్తి వేగం మీద పెట్టండి. మేలో కారులో కూర్చోవడం కష్టమే, కానీ హీటర్ కోర్ ఇంకో చిన్న రేడియేటర్‌లా పనిచేసి ఒడ్డున పడేస్తుంది. ఎర్ర లైటు వెలిగిందంటే ఇంకో మలుపు దాకా అనుకోకుండా పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. ముప్పావు గంటైనా మూత ముట్టకండి. ఒత్తిడి తగ్గగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మూతను గుడ్డతో పట్టుకుని సగం తిప్పి ఒత్తిడి వదలాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్ అక్కడికక్కడే పగలవచ్చు. మన్ననూరు దాటాక అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ గేటు మూసే ఉంటుంది. తిరుగు ప్రయాణం మధ్యాహ్నానికే మొదలుపెట్టండి, బండిలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ ఉంచుకోండి.

అమ్మకం సంగతి. ఈ స్థితిలో అమ్మితే చూడవచ్చినవాడు మూత తీసి బోరు నీళ్లు చూడగానే ధర సగానికి కోస్తాడు. థర్మోస్టాట్, మూత, ఫ్యాన్ వైరింగ్, రేడియేటర్ శుభ్రం, కూలంట్, ప్రెషర్ టెస్టు అన్నీ కలిపినా హెడ్ పనికయ్యే ఖర్చులో చిన్న భాగమే. అవి చేయించాక అమ్మినా నష్టం లేదు, నడిపినా నష్టం లేదు. టెస్టులో ముల్లు పావుగంట నిలబడిందా, ఉదయం చల్లని ఇంజన్‌లో బుడగలు ఆగాయా, ఈ రెండు రాయండి. హెడ్ దింపాలో వద్దో అప్పుడు చెబుతాను.